తొమ్మిదో మెట్టు అన్నం లెక్క

శ్రావణం 3, మంగళవారం

ఈ పుస్తకం దాలినాయుడిది. కొండ మీద మెట్టుమెట్టుగా కట్టిన మా ఊళ్ళో, తొమ్మిదో మెట్టులో నేను ఎవరికి ఎన్ని సోలల అన్నం కొలిచానో మొన్నమొన్నటి దాకా నా పక్కన కూర్చుని ఇందులో రాసేవాడు. నెల కిందట, మాకు అన్నం పంపే నిండుపళ్ళెం సంస్థవాళ్ళు ఆయన్ని ఇంటికి పంపేసి, నా బల్ల మీద ఒక చెవిని బిగించారు. దానికేదో పెద్ద పేరుంది గానీ మేమంతా చెవి అనే అంటాం. నేను కొలుస్తూ లెక్క పైకి చెబుతాను, అది విని కింద ఆఫీసుకు చేరవేస్తుంది. తూకం యంత్రమైతే ఖరీదట, చెవి చవకట. పుస్తకంలో మిగిలిన కాగితాలు దండగ చెయ్యడం దేనికని నేను రాస్తున్నాను. రాయకపోతే ఈరోజు జరిగినదానికి నాకు నిద్ర పట్టేలా లేదు.

తొట్టిలో ఎప్పుడూ మూడు గిన్నెల అన్నం వస్తుంది. ఈరోజు రెండే వచ్చాయి. గిన్నెకి యాభై సోలలు, మనిషికి ఒక సోల. మా మెట్టులో తినేవాళ్ళు నూట ముప్పై ఆరుగురు. రెండు గిన్నెలతో ఎవరికని పెట్టను?

తొట్టి నడిపే కూర్మారావుని పట్టుకున్నాను. మొదటి మెట్టులో వంటశాల దగ్గర గిన్నెలు ఎక్కించుకుని, ఇనుపతాడు మీద కొండ పైదాకా ఒక్కో మెట్టులో దించుకుంటూ వచ్చేది అతనే.

“ఏటి కూర్మారావూ, మూడో గిన్ని ఏ మెట్టులో దించీసినావు?”

“నానెక్కడ దించుతాను పిన్నీ? కిందే రెండు ఎక్కించినారు. తొమ్మిదో మెట్టుకి అంత అక్కర్నేదంట.”

“ఎవులన్నారు?”

“సెవి సెప్పిందంట.”

సోల తగ్గించి కొలవడం నా చేతకాదు. ముప్పై ఏళ్ళుగా నిండా కొలిచిన చెయ్యి ఇది. నిండుగానే కొలిచాను, వంద అయ్యేసరికి గరిటె అడుగును గీకింది. అప్పటికింకా ముప్పై ఆరుగురు ఖాళీ టిఫిన్ డబ్బాలతో నిలబడి ఉన్నారు. వాళ్ళలో మొదటిది గున్నమ్మ. యాభై రెండేళ్ళ మనిషి, సముద్రం మింగేసిన పాత ఊళ్ళో నీళ్ళలోకి దిగి ఇనుము కోసి పైకి తెచ్చే పని చేస్తుంది. పెళ్ళి వద్దనుకుంది, చేసుకోలేదు, దాని గురించి ఎవరైనా జాలి పడితే మొహం మీదే తిడుతుంది.

“ఇదేటి పైడమ్మా, నా కూడేదీ?” అంది.

ఏం చెప్పను? మా గదుల్లో వంటిల్లుండదు. ఊళ్ళో సగం మంది ఒక్కళ్ళే ఉంటున్నారని ముప్పై అయిదేళ్ళ కిందట ఎవరో లెక్క తేల్చారట. ఆ ముక్క చెవిన పడగానే ఇళ్ళు కట్టే కంపెనీవాళ్ళు, ఒక్క మనిషికి వంటగది దేనికని గోడలు జరిపేసి, రెండు ఇళ్ళు పట్టే చోట మూడు కట్టుకున్నారు. పొయ్యి వెలిగిస్తే పైకప్పులో కన్ను పసిగట్టి కరెంటు తీసేస్తుంది. మీరు వండుకోవద్దు, మేం పెడతాం అన్నారు. సరే అన్నాం. ఇప్పుడు పెట్టడం కూడా తగ్గిస్తే ఏం చెయ్యాలి, గోడలు నాకాలా?

గిన్నె అడుగున అంటుకున్నది గీకి, పప్పు నీళ్ళు కలిపి ఆ ముప్పై ఆరుగురికీ తలా ఇంత పోశాను. గున్నమ్మ నిలబడే తాగేసి వెళ్ళిపోయింది.

శ్రావణం 6, శుక్రవారం

ఈరోజు కూడా రెండే గిన్నెలు. పదకొండున్నరకు తొట్టి వస్తుంటే తొమ్మిదింటికే వరస కట్టేస్తున్నారు. పనికి పోయేవాళ్ళు పని మానుకుని నిలబడాలి, లేదంటే పస్తుండాలి.

మూల గదుల్లో ఇద్దరూ ముగ్గురూ కలిసి ఉండే ఇళ్ళు ఎనిమిదున్నాయి మా మెట్టులో, మిగతా అందరూ ఒక్కొక్కరే. అలాంటి ఇంటాయన ఒకాయన వచ్చి ముగ్గురికి పట్టాడు. “లాభం, రెండు, మూడు” అని కొలిచి పోశాను. వెనక నుంచి ఎవడో, “ఆలకి మూడు సోలలు, మనకి గాలి,” అన్నాడు. మాటా మాటా పెరిగి టిఫిన్లు విసురుకునే దాకా వచ్చింది. ఇంతకాలం ఒకరి గిన్నె వైపు ఒకరు చూసి ఎరగని మనుషులు.

అది ఒకెత్తు. వరసలోంచే ఇంకో గొంతు ఏమందో వినండి. “పైడమ్మ ఎనిమిదో మెట్టులో అమ్ముకుంటన్నాదేమో.”

ఎవరన్నారో చూడలేదు. చూస్తే సోల పెట్టి కొట్టేదాన్ని. మా అమ్మ కళ్ళంలో ధాన్యం కొలిచేది. ఆవిడ కొలిస్తే అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ కళ్ళు మూసుకుని తలూపేవారు. ఆవిడ కూతుర్ని నేను. నన్నా ఆ మాట అనేది? ఎవరికీ జవాబు చెప్పకుండా గిన్నెలు కడిగి బోర్లించి గదికి వచ్చేశాను.

శ్రావణం 11, బుధవారం

ఆ మాట ఆఫీసుకూ పాకినట్టుంది. తనిఖీకి ఒకమ్మాయి వచ్చింది. పేరు హిమజ. ముప్పై ఏళ్ళుంటాయి, చేతిలో పలక, మాట మెత్తగానే ఉంది. వరస అయిపోయాక నన్ను పక్కకు పిలిచింది.

“అమ్మా, ఒక విషయం అడుగుతాను, తప్పుగా అనుకోకండి. పోయిన నెల రోజుకి మూడు గిన్నెలు, అంటే నూట యాభై సోలలు పంపాం. మీరు కొలిచి ఇచ్చినవి రోజుకి పద్దెనిమిది. గిన్నెలు మాత్రం ఖాళీగా తిరిగొచ్చాయి. మిగతా నూట ముప్పై రెండు ఎక్కడికి పోతున్నాయి?”

నాకు అర్థం కాలేదు. పద్దెనిమిదేమిటి?

“పద్దెనిమిది మంది తింటే ఈ వరస ఎవలిదమ్మా? దెయ్యాలేటి ఈలందరూ?”

“నేను చూశానమ్మా. అందుకే అడుగుతున్నాను. తిండి సొమ్ము గది అద్దెలోనే కలిపి కట్టేస్తారు కాబట్టి, ఎవరు ఎంత తింటున్నారన్నది చెవి చెబితేనే మాకు తెలిసేది. చెవి పద్దెనిమిదనే అంటోంది. పైవాళ్ళు మీ మీద అనుమానపడుతున్నారు.”

దొంగతనం అన్న మాట ఆ అమ్మాయి వాడలేదు. వాడకపోయినా మిగిలిందేముంది? ముప్పై ఏళ్ళలో ఒక్క మెతుకు ఇంటికి మోసుకుపోలేదు నేను. అందరికీ పోసి, మిగిలింది మారు పెట్టేశాక గిన్నె అంచుకు అంటుకున్నదే నా భోజనం. ఒళ్ళు మండిపోయి, “రేపు పొద్దున్న వచ్చి నా పక్కనే నిలబడు తల్లీ. నీ కళ్ళతో సూడు, నీ సెవులతో ఇను. ఆ సెవి మాటా తేల్చీ,” అన్నాను.

వస్తానంది.

శ్రావణం 12, గురువారం

వచ్చింది. అన్న మాట నిలబెట్టుకుంది, అంతవరకూ మెచ్చుకోవాలి.

మొదటి సోల నుంచి ఆఖరుదాకా పక్కనే నిలబడి పలక మీద గీతలు పెట్టుకుంది. రెండు గిన్నెలూ అయ్యేసరికి ఆమె గీతలు వంద. అప్పుడు చెవిని తట్టి, ఈరోజు విన్నదంతా చదివి వినిపించమంది. అది ఆడగొంతుతో చదివింది. రెండు. రెండు. మూడు. రెండు. రెండు. మూడు. రెండు. రెండు. మొత్తం పద్దెనిమిది.

ఇద్దరం మొహాలు చూసుకున్నాం.

“ఒకట్లు లేవేమిటి? ఒక్కరే వచ్చి పట్టుకున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారు? ఒక్కటి కూడా వినలేదే ఇది!” అంది హిమజ. అని, నా వైపు అనుమానంగా చూసింది. “అమ్మా, ఒక్క సోల పోసినప్పుడు మీరేమంటారు?”

“లాభం అంటాను.”

“లాభమా?”

“మొదటిది లాభం, తర్వాత రెండు, మూడు. మరేటంటారు?”

నిజం చెప్పాలంటే, నేనలా అంటానన్న సంగతి ఆ అమ్మాయి అడిగేదాకా నాకే తెలియదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మొదటి కొలతని ఒకటి అని ఎరగను. మా అమ్మా అనలేదు, వాళ్ళమ్మా అనలేదు. పోసేది ఎవరికైనా మొదటి మాట శుభంగా ఉండాలని లాభం అంటాం. ఏడు అన్నా ఏడుపు గుర్తొస్తుందని ఆరున్నొక్కటి అంటాం. దాలినాయుడికి ఇదంతా చెప్పక్కర్లేకపోయింది. నేను లాభం అంటే ఆయన ఒకటి వేసుకునేవాడు.

హిమజ పలకలో ఏదో వెతికింది. చివరికి దొరికింది. ఒక్కో మనిషి దగ్గర ఆఖరున విన్న అంకెని చెవి పట్టుకుంటుందట. లాభం అన్న మాట అంకె కాదు కదా, అందుకని ‘వ్యాపార సంభాషణ, అనవసరం’ అని గుర్తు పెట్టి పారేస్తోంది. ఇద్దరు ముగ్గురు ఉన్న ఇళ్ళకి లాభం తర్వాత రెండో మూడో వస్తుంది కాబట్టి అవి దక్కాయి. ఒక్కరే ఉన్నవాళ్ళకి లాభం దగ్గరే ఆగిపోతుంది. అలా నూట పద్దెనిమిది మంది మనుషులు నెలరోజులుగా అనవసరం కింద పోయారు.

“సెవికి సెవుడా ఏటి తల్లీ? పెట్టే ముందు ఒక్క రోజు ఈ మెట్టుకొచ్చి ఇంటే పోయేది కాదా?”

ఆమెకు సిగ్గేసింది. “రాజధానిలో పరీక్షించారమ్మా. అక్కడ ఎవరూ లాభం అనలేదు.”

“అయితే రేపట్నించి ఒకటి అంటాను.”

“వద్దమ్మా, ఇప్పుడే వద్దు. రేపు పద్దెనిమిది కాస్తా వంద అయితే, పట్టుబడ్డాక లెక్క పెంచేసుకున్నారని మీ మీదకే వస్తుంది. పాత మాటలన్నీ చెవిలో దాచి ఉన్నాయి. నేను విని, లెక్క సరిచేసి రాస్తాను. అప్పటిదాకా మీరెప్పటిలాగే చెప్పండి.”

సరే అన్నాను. వరసలో నా మీద మాట పడ్డచోటే ఆమెను నిలబెట్టి అందరికీ చెప్పించాను, పైడమ్మ దొంగ కాదని. చెప్పింది. గున్నమ్మ నా భుజం మీద గట్టిగా ఒకటి చరిచింది. ఈరోజు మా ఆకలి తీరకపోయినా మనసు కుదుట పడింది.

శ్రావణం 16, సోమవారం

తొట్టిలో ఒక్క గిన్నె వచ్చింది.

ఒక్కటి. యాభై సోలలు. చెవి చెప్పిన పద్దెనిమిదికి ఇదే ఎక్కువట. హిమజకి కబురు పెడితే, “రిపోర్టు ఇచ్చాను, పైన ఉంది,” అని జవాబు వచ్చింది. పైన ఎక్కడ? ఆఫీసేమో మొదటి మెట్టులో, మేమేమో తొమ్మిదిలో. అంత కిందున్నవాళ్ళు మాకు పైన ఎలా అవుతారు?

సోల కొలవడం మానేసి, వరసంతటినీ గుండ్రంగా కూర్చోబెట్టి పిడికెళ్ళతో పంచాను. పిడికిలికి లెక్క చెప్పలేదు. చెవి ఊరికే కూర్చుంది.

శ్రావణం 19, గురువారం

ఉత్తరం వచ్చింది. భాద్రపదం ఒకటో తేదీ నుంచి తొమ్మిదో మెట్టులో తొట్టి ఆగదు. ఇద్దరూ ముగ్గురూ ఉన్న ఎనిమిది ఇళ్ళకీ ఏడో మెట్టులో ఇళ్ళిస్తారట. మిగతావాళ్ళు ‘తమకు అనువైన ఏర్పాటు’ చేసుకోవాలట. నన్ను మాత్రం ఎనిమిదో మెట్టుకి మార్చారు, అక్కడ కొలిచే ఆవిడ పని మానేసిందని.

ఆ కాగితం పట్టుకుని తొట్టి కోసం కూడా ఆగకుండా మెట్లన్నీ దిగి ఆఫీసుకు వెళ్ళాను. మోకాళ్ళు పట్టేశాయి. హిమజ నన్ను చూడగానే లేచి కుర్చీ వేసింది. కూర్చోలేదు.

“లెక్క సరిసేస్తానన్నావు గదమ్మా.”

“చేశానమ్మా. ఒప్పుకున్నారు కూడా. తొమ్మిదో మెట్టులో నూట ముప్పై ఆరుగురు తింటున్నారని రికార్డు మార్చారు. మీ పేరు మీద మచ్చ కూడా తీసేశారు.”

“మరి ఇదేటి?” కాగితం బల్ల మీద కొట్టాను.

ఆమె తలుపు దగ్గరగా వేసి చెప్పింది. కింది మెట్లలో పెళ్ళిళ్ళు పెరుగుతున్నాయి, పిల్లలు పుడుతున్నారు. పిల్లలున్న ఇంటికి సర్కారు భత్యం ఇస్తోంది. కాబట్టి ఇకమీద ఊరు కుటుంబాల వైపు తిరుగుతుందని సంస్థవాళ్ళు ఒక అంచనా వేసుకున్నారు. గిన్నెలు, తొట్లు, మనుషులు అన్నీ అటు జరపాలి. ఎక్కడో ఒకచోట తగ్గించాలి కాబట్టి తొమ్మిదో మెట్టు ఎంచారు.

“ముందు మనుషులే లేరని ఎంచారమ్మా. ఇప్పుడు ఉన్నారని తెలిశాక కూడా…” ఆగింది.

“సెప్పు.”

“ఒక్కొక్కరికి ఒక్కో సోల పోయడానికి పట్టే సమయంలో ఒక ఇంటికి అయిదు సోలలు పోయొచ్చట. ఇంకో మాట కూడా అన్నారు. ఇవాళ పుట్టిన పిల్ల అరవై, డెబ్భై ఏళ్ళు తింటుంది. తొమ్మిదో మెట్టువాళ్ళు ఎంత తిన్నా ఇరవై, పాతిక. వాళ్ళ తర్వాత ఆ గదిలో తినేవాళ్ళు ఉండరు.”

ఒక్క మనిషే కదా అని వంటిల్లు తీసేసినవాళ్ళు ఒకళ్ళు, ఒక్క మనిషే కదా అని అన్నం తీసేసేవాళ్ళు ఇంకొకళ్ళు. ఆనాడు ఒంటరివాళ్ళు పెరిగారన్న లెక్క మీద ఒకడు బాగుపడ్డాడు. ఈనాడు తగ్గుతారన్న లెక్క మీద మరొకడు బాగుపడతాడు. మధ్యలో మేము బతికున్నామన్నది ఎవరి కాగితంలోనూ లేదు.

“ఇరవై ఏళ్ళు ఆకలితో ఉండమంటావేటమ్మా మమ్మల్ని? సచ్చేదాకా తింటాం, అంతే గదా! అంతకన్నా ఎవులు ఎక్కువ తింటారు?” అని అరిచాను. పక్క గదుల్లోంచి తలలు బయటికి వచ్చాయి. హిమజ కళ్ళు తుడుచుకుంది. ఆమె కన్నీళ్ళు నేనేం చేసుకోను?

శ్రావణం 22, ఆదివారం

ఎనిమిదో మెట్టు నుంచి ఆదిలక్ష్మి పైకి వచ్చింది. ఆమెకు ముగ్గురు పిల్లలు, పెనిమిటి తొట్టి తాళ్ళకి నూనె పెట్టే పని. నన్ను అత్తా అని పిలుస్తుంది.

“అత్తా, మా మెట్టులో నలభై రెండు ఇళ్ళు. మీవోలు నూట పద్దెనిమిది. ఇంటికి ఇద్దరో ముగ్గురో మా యెనకాల నిలబడితే సరిపోద్ది గదా. అయిదు పట్టే నాను ఎనిమిది పడతాను. సెవికేటి తెలుస్తాది?”

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. గున్నమ్మ అక్కడే ఉంది, మొహం పక్కకు తిప్పుకుంది. మిగతావాళ్ళు మాత్రం ఆదిలక్ష్మి కాళ్ళ మీద పడ్డంత పని చేశారు.

భాద్రపదం 1, మంగళవారం

తొట్టి తొమ్మిదో మెట్టు దాటుకుని పైకి వెళ్ళిపోయింది. కూర్మారావు మా వైపు చూడకుండా కొండ వైపు తల తిప్పుకున్నాడు.

ఎనిమిదిలో ఎప్పుడూ వచ్చే నాలుగు గిన్నెలే వచ్చాయి, చాలలేదు. తలా కాస్త తగ్గించుకుని తిన్నారు. కానీ చెవి మాత్రం చెప్పినదంతా విన్నది. ఆదిలక్ష్మి ఇంటికి ఎనిమిది. పక్కింటి నలుగురికీ మావాళ్ళు ముగ్గురు కలిసి ఏడు. ఆరున్నొక్కటి అంటే చెవి ఆఖరి ముక్క పట్టుకుని ఒకటి వేసుకుంటుందేమోనని, నోరు రాకపోయినా ఏడు అనే చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ ఇంటివాళ్ళ మొహాలు చూడలేకపోయాను.

భాద్రపదం 4, శుక్రవారం

నిన్న అయిదు గిన్నెలు వచ్చాయి. ఈరోజు ఆరు. అందరూ కడుపునిండా తిన్నారు.

గిన్నెలతో పాటు చెవిలోంచి ఒక ప్రకటన కూడా వచ్చింది. ‘ఎనిమిదో మెట్టు కుటుంబాలకు నిండుపళ్ళెం శుభాకాంక్షలు. మీ కుటుంబాలు పెరుగుతున్నందుకు ఆనందిస్తున్నాం. వచ్చే వారం నుంచి పిల్లలకు శుక్రవారం పాయసం ఉచితం.’

మధ్యాహ్నం ఉయ్యాలలు అమ్మే కంపెనీ మనిషి ఒకతను కొలతల టేపు పట్టుకుని వచ్చాడు. ఇక్కడ పిల్లలు ఎక్కువ పుడుతున్నారని నిండుపళ్ళెంవాళ్ళ లెక్క కొనుక్కున్నారట. కొట్టు ఎక్కడ పెట్టాలా అని చూస్తున్నాడు. ఆ పిల్లలు వీళ్ళేనని గున్నమ్మని, బట్టతల కొండబాబుని చూపించాలనిపించింది. ఆదిలక్ష్మి పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వాక ఏడుపొచ్చింది. నూట పద్దెనిమిది మంది పెద్ద మనుషులు అన్నం తినాలంటే ఇంకొకరి ఇంటి సంఖ్యలో దాక్కోవాలి. దొంగతనం అంటగట్టినప్పుడు అంత అరిచిన నేను, ఇప్పుడు రోజూ నలభై రెండు అబద్ధాలు పైకి చదువుతున్నాను.

సాయంత్రం హిమజ ఫోన్లో మాట్లాడింది. ఆమెకు అంతా తెలిసిపోయింది, ఎవరికీ చెప్పలేదు.

“జాగ్రత్తమ్మా. ఎనిమిదో మెట్టులో ఒంటరివాళ్ళ లెక్క కనబడిందంటే ఆ మెట్టుని కూడా తొట్టి ఆపేసే జాబితాలో వేసేస్తారు. ఒకటి అన్న మాట మాత్రం చెవికి వినబడనివ్వకండి.”

భాద్రపదం 5, శనివారం

ఈరోజు గున్నమ్మ ఎవరి వెనకా నిలబడలేదు.

ఆదిలక్ష్మికి ముందుగా, కాస్త ఎడంగా, ఒక్కతే వచ్చి బల్ల మీద టిఫిను పెట్టింది. తల ఇంకా ఉప్పునీళ్ళు కారుతోంది, పని నుంచి తిన్నగా వచ్చినట్టుంది.

“నాకు కొలు పైడమ్మా. నా లెక్క సెప్పు.”

“నా యెనకాల నిలబడొచ్చు గదక్కా,” అంది ఆదిలక్ష్మి.

“నీ ఇంట్లో తినడానికి నాకు సిగ్గు నేదు సెల్లీ. నీ ఇంట్లో మనిషినని ఆలకి సెప్పడం ఒల్లను. ముప్పై ఏళ్ళు నీళ్ళల్లో దిగి ఈ మెట్లకి ఇనుము మోసినాను. ఈ తొట్టి ఏలాడే తాడు నాను తెచ్చిన ఇనుమే. ఆలు నన్ను తీసెయ్యాలంటే నన్ను సూసి తియ్యమను. మనిషే నేదని సెప్పి కాదు.”

నేను సోల నింపాను కానీ నోరు తెరవలేకపోయాను. తెరిస్తే ఎనిమిదో మెట్టు పోతుంది. నలభై రెండు ఇళ్ళు, పిల్లలు. లాభం అంటే గున్నమ్మ మళ్ళీ అనవసరం కింద పోతుంది. సోల చేతిలో పట్టుకుని ఆదిలక్ష్మి మొహం చూశాను. ఆమె కాదంటే నేను చెప్పలేను.

ఆదిలక్ష్మి తన చేతిలో ఉన్న పెద్ద డబ్బాని తిరగేసి చూసింది. “అత్తా, అక్క లెక్క సెప్పీ,” అంది. అని వెనక్కి తిరిగి, “ఒలే, ఇంట్లోకెల్లి నలుగురికీ నాలుగు గిన్నిలు అట్టుకురా. అన్నీ యేరే యేరే. సిన్నోడికీ ఒకటి,” అని పెద్దకూతుర్ని కేకేసింది.

నాకు అప్పుడు అర్థమైంది. వరసలో ఉన్న ఆడవాళ్ళకి నాకంటే ముందే అర్థమైంది. ఒక్కొక్కరే వరసలోంచి తప్పుకుని ఇళ్ళలోకి పరిగెత్తారు. చెంబులు, పళ్ళేలు, టీ గ్లాసులు, దొరికినవన్నీ పట్టుకొచ్చారు. మొగుడొక చోట, పెళ్ళామొక చోట, పిల్లలు ఇంకోచోట నిలబడ్డారు. మావాళ్ళు వాళ్ళ మధ్యలో కలిసిపోయారు.

నేను గున్నమ్మ టిఫినులో సోల వంచాను. అరవై ఒక్క ఏళ్ళలో మొదటిసారి ఆ మాట అన్నాను.

“ఒకటి.”

మా అమ్మ బతికుంటే నా వీపు మీద ఒకటి వేసేది. వేస్తే వేసేది. శుభం కోసం అన్న మాట ఈ మనుషుల్ని మింగేసిందని తెలిశాక ఇంకా దాన్ని పట్టుకు వేలాడను. చెవి దగ్గరికి వంగి మళ్ళీ గట్టిగా అన్నాను, ఒకటి అని. ఆ తర్వాత వచ్చింది ఆదిలక్ష్మి. ఒకటి. ఆమె పెనిమిటి. ఒకటి. కొండబాబు. ఒకటి. ఆదిలక్ష్మి చిన్నకొడుకుకి మూడేళ్ళు, టీ గ్లాసు రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు. వాడికీ ఒకటే. గంటన్నర పట్టాల్సిన వరస మూడు గంటలు పట్టింది, గొంతు బొంగురుపోయింది. ఒక్కరు కూడా విసుక్కోలేదు.

ఆఖరున గిన్నె అంచు గీకుతుంటే గున్నమ్మ ఆపింది. “నీది గీకుడేటి? నీ సోల నువ్వు కొలుసుకో,” అంది. కొలుచుకున్నాను. దానికీ లెక్క చెప్పాను.

తింటూ ఉండగానే హిమజ ఫోన్ చేసింది. గొంతులో కంగారు వినబడుతోంది.

“అమ్మా, ఏం జరిగింది? ఎనిమిదో మెట్టులో ఒక్క కుటుంబం కూడా కనబడటం లేదు. అన్నీ ఒకట్లే. ఎవరు ఇంటివాళ్ళో ఎవరు ఒంటరివాళ్ళో ఎలా తెలుసుకోమంటారు? ఇక్కడ అందరూ నన్ను అడుగుతున్నారు, కుటుంబాలన్నీ ఏమైపోయాయని. ఏమని చెప్పను?”

“ఎక్కడికీ పోనేదమ్మా. ఇక్కడ రెండువందల తొంభై మంది అన్నం తిన్నారని సెప్పు. రేపూ తింటారని సెప్పు.”

అటువైపు పలక మీద ఆమె రాసుకుంటున్న చప్పుడు వినబడింది.